బిస్కెట్ డబ్బాలో గరగర

ముందు మీరు చెప్పండి. ఆ పొద్దున ఆ వీధిలో ఏం చూశారు? తల తిప్పుకోవద్దు. మీరు అటుగానే నడిచి వెళ్లారు. పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని పైవాటా కిటికీ వంక ఒకసారి చూశారు కూడా. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద మూత తీసిన బిస్కెట్ డబ్బా, దాని మీదికి వంగి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్న ఒకావిడ. పొద్దున్నే పాటలు, ఎంత తీరికో అనుకుని వెళ్లిపోయారు. అంతేనా? అంతే చూశారా? అయితే మిగతాది వినండి.

ఆవిడ పాటలు వినడం లేదు. ఒక మనిషి జైలుకు పోకుండా ఆపాలని చూస్తోంది.

వీధిలో అందరూ ఆవిణ్ణి రిపేరక్క అంటారు. చెవి మిషన్లు బాగుచేసే కొట్లో పని. ఆ పొద్దున కూడా ఎప్పటిలాగే లేచి, ముందు ఇల్లు ఊడ్చింది. అందరిళ్లలోలాగే వాళ్లింట్లోనూ నిన్నటి చప్పుళ్లు తెల్లారేసరికి నేల మీద పేరుకుని ఉంటాయి. మాటలు పిండిలాంటివి, తేలిగ్గా మంచాల కిందికి చేరతాయి. దగ్గులు పొట్టులా గోడ వార పడి ఉంటాయి. చంటిపిల్లల ఏడుపు కర్టెన్లకు అంటుకుంటుంది, దులిపితే గాని రాదు. ఇనుము చప్పుళ్లే బరువు. పడ్డచోటే ఉండి ఇసకలా కాలికి గుచ్చుకుంటాయి. చేటలోకి ఎత్తి కిటికీలోంచి పారబోస్తే, పోతూ పోతూ ఒక్కసారి సన్నగా వినిపించి ఆరిపోతాయి. చెల్లెలు రాత్రి ఏడ్చిన ఏడుపు కూడా ఆ పొద్దున అలాగే పోయింది. రిపేరక్క దాన్ని విననట్టే చేట దులిపింది.

తర్వాత బల్ల తుడిచింది, తడిగుడ్డతో. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ అదో నియమం. టంకం పెట్టేముందు బల్ల తడిగుడ్డతో తుడవాలి. టంకానికి వాడే పేస్టు జిగురు. దుమ్ములో ఉన్న చప్పుడేదైనా దానికి అంటుకుందా, ఇక అక్కడే తిరుగుతూ ఉంటుంది, మూసిన సీసాలో ఈగలా. చెవి మిషను పెట్టుకున్న ముసలాయనకి రోజంతా ఎవరిదో తుమ్ము వినబడుతుంటే ఊరుకుంటాడా?

ఇంతకీ జైలుకు పోబోయే మనిషి ఎవరంటే, ఆవిడ మరిది. చెల్లెలి మొగుడు. వీధి చివర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. కొన్నాళ్ల కింద ఒక సాయంత్రం బాయిలర్‌లో ఒత్తిడి పెరిగింది. ఆవిరి గొట్టం పగిలింది. కింద గదిలో పనిచేస్తున్న మనిషి బయటికి రాలేక అక్కడే చనిపోయాడు. మరిదికి మోచేతి దాకా కాలింది. ఆసుపత్రిలో కట్టు కట్టి, కాలిన బట్టలు కవర్లో మూటగట్టి చేతికిచ్చి పంపారు.

ఫ్యాక్టరీ వాళ్ల మాట ఒక్కటే: "ఇతను ప్రమాదం గంట కొట్టలేదు. కొట్టి ఉంటే కిందవాడు తప్పించుకునేవాడు." మరిది మాటా ఒక్కటే: "కొట్టాను. తాడు తెగేదాకా కొట్టాను."

ఫ్యాక్టరీకి ఈ పట్టుదల ఎందుకో అర్థం చేసుకోవాలంటే పెద్ద చదువులు అక్కర్లేదు. గంట మోగలేదంటే తప్పు మరిదిది. మోగిందంటే తర్వాతి ప్రశ్న వస్తుంది. గంట విన్న మనిషి తలుపు తీసుకుని బయటికి ఎందుకు రాలేదు? ఆ ప్రశ్న రాకూడదు. ఎందుకంటే ఆ తలుపుకు బయటినుంచి తాళం ఉంది. సరుకు దొంగతనాలు జరుగుతున్నాయని మేనేజరే వేయించాడు. ప్రమాదం మర్నాడు తాళం మాయమైంది. గంట కూడా మాయమై దాని చోట కొత్త గంట వేలాడింది, తళతళలాడుతూ.

చెల్లెలు వీధంతా తిరిగింది. ఇంటింటికీ వెళ్లి, "మీరు విన్నారు కదా, వచ్చి ఒక్క మాట చెప్పండి" అని అడిగింది. ఒకరికి ఆ వేళ మిక్సీ ఆడుతోందట. ఒకరు స్నానం చేస్తున్నారట. కింద వాటాలో ఉండే దర్జీ కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే, "ఈ చప్పుడులో నాకేం వినబడుద్ది తల్లీ" అన్నాడు. ఫ్యాక్టరీ యూనిఫారాలన్నీ కుట్టేది ఆయనే.

ఇక మిగిలింది కంట్రోల్ రూం రికార్డింగు. విచారణ ఆఫీసు ఒక కాపీ ఇచ్చింది. విన్నవాళ్లందరికీ యంత్రాల హోరు తప్ప ఏమీ వినబడలేదు. "హోరు కింద గంట ఉంటుందేమో, మామూలు ఫోన్లకి అది తేలదు. నేను తేలుస్తాను" అంది రిపేరక్క. కొట్లో పాత విడిభాగాలు ఏరుకుంది. ఖాళీ బిస్కెట్ డబ్బాలో బోర్డు బిగించి హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ తయారుచేసింది. టంకాలన్నీ నిన్ననే పూర్తయ్యాయి. విచారణ ఇవాళ మధ్యాహ్నం.

పొద్దున్నే స్విచ్చి వేసి విన్నది. గరగర.

రికార్డింగు పెడితే గరగర. అది తీసేసి పాట పెడితే గరగర. పాట హాయిగా సాగుతూనే ఉన్నట్టుండి చిరిగిపోతుంది, పాత గుడ్డ చించినట్టు. మళ్లీ సర్దుకుంటుంది. మళ్లీ చిరుగుతుంది.

"బ్యాటరీ అయిపోయిందేమో" అంది చెల్లెలు.

రిపేరక్క మీటరు పెట్టి చూసింది. "నిండుగా ఉంది."

"హెడ్‌ఫోనే పాడేమో."

కొట్టు నుంచి తెచ్చిన ఇంకో జత తగిలించింది. అదే గరగర. ఫోను మార్చింది. అదే. చిప్పు మీద వేలు పెట్టి చూసింది. వేడెక్కలేదు. అయినా పీకి కొత్తది గుచ్చింది. అదే గరగర. టంకం పెట్టిన ఒక్కో చోటూ ఎండు పుల్లతో మెల్లగా నొక్కి చూసింది. ఎక్కడా వదులు లేదు.

"అన్నీ ఒక్కసారే మార్చి పారెయ్యరాదూ, ఒక్కోటీ ఒక్కోటీ ఏమిటక్కా, టైం అవుతోంది" అంది చెల్లెలు.

"అన్నీ మారిస్తే ఏది పాడో ఎలా తెలుస్తుందే? ఒకసారికి ఒక్కటే. నువ్వు కాస్త కూర్చో."

"కూర్చుంటే పోలీసులొచ్చి ఈయన్ని తీసుకెళ్లిపోతారు."

"నిలబడితే వదిలేస్తారా?"

మూలన కుర్చీలో కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మరిది నవ్వడానికి ప్రయత్నించాడు. "ఆ డబ్బాదీ నా కేసే వదినా. ఎవరేం అడిగినా ఒకటే మాట చెబుతోంది."

రిపేరక్క నవ్వలేదు. ఫోను నుంచి వచ్చే తీగ మొత్తం పీకేసింది. లోపలికి ఏ పాటా వెళ్లకపోతే బయటికి ఏమీ రాకూడదు. వాల్యూమ్ నాబ్ సున్నాకి తిప్పింది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

గరగర. గరగర. గరగర. తర్వాత కాస్త విరామం. మళ్లీ గరగర.

ఆవిడ ముఖం రంగు మారింది. "తిండి పెట్టకుండానే అరుస్తోంది ఇది" అంది.

బోర్డు విప్పి తిరగేసింది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది. లోపలికి శబ్దం దిగే చోట, చిప్పు కాళ్ల పక్కన, గోధుమరంగు పేస్టు కాస్త ఎక్కువ పేరుకుంది. దాని మీద సన్నటి బూడిదరంగు పొడి, ఇనప రజనులా మిలమిలమంటోంది.

"చప్పుడు చిక్కింది" అంది. కోపం వచ్చింది, తన మీదే. "బల్ల తుడిచాను. నిన్న కూడా టంకం పెట్టేముందు నా చేత్తో తడిగుడ్డ పెట్టి తుడిచాను. ఎక్కణ్ణుంచి వచ్చి పడిందిది?"

చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. "అంతేనా? స్పిరిట్ పెట్టి కడిగేస్తే పోతుందిగా?" సీసా అప్పుడే తెచ్చేసింది. మూత కూడా తీసింది. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన వైద్యం అది. బ్రష్షు స్పిరిట్‌లో ముంచి తోమితే పేస్టు కరిగిపోతుంది, చప్పుడూ దాంతో పోతుంది.

అప్పుడే దర్జీ మెట్లెక్కి వచ్చాడు. హెడ్‌ఫోన్‌కి పాత గుడ్డతో చెవి దిండ్లు కుట్టివ్వమని రిపేరక్క నిన్న అడిగింది. సాక్ష్యం చెప్పనన్నవాడు అడగ్గానే అవి మాత్రం కుట్టాడు. ఎందుకో ఆయనకే తెలియాలి. దిండ్లు చేతికిస్తూ బోర్డు వంక చూశాడు. పేస్టు మీద మిలమిలలాడుతున్న పొడిని చూశాడు. అడుగు వెనక్కి వేశాడు.

"కడిగెయ్యమ్మాయ్" అన్నాడు.

"ఏమిటది బాబాయ్, గుర్తుపట్టావా?"

"నాకేం తెలుసు? ఎవరి చప్పుడో ఏమో, మనకెందుకు? పొద్దుపోతోంది, కడిగెయ్."

రిపేరక్క బ్రష్షు స్పిరిట్‌లో ముంచింది. బ్రష్షు కొసన బొట్టు వేలాడింది. బోర్డుకీ బొట్టుకీ మధ్య వేలెడు దూరం లేదు.

చెయ్యి ఆగింది.

"మళ్లీ ఏమొచ్చిందక్కా?" చెల్లెలు ఏడుపు ఆపుకోలేకపోయింది. "నీకు దండం పెడతాను, కడుగు."

"ఏం చప్పుడో తెలియకుండా కడగను" అంది రిపేరక్క. అది మొండితనమే అనుకోండి. పనిలో చేరిన కొత్తలో ఎన్ని దెబ్బలు తింటే అబ్బిన మొండితనమో అది. "ఇది చిన్న చప్పుడు కాదు. చిన్నదైతే సన్నగా వినబడేది. మరీ పెద్దది కాబట్టి డబ్బా దాన్ని మోయలేక చింపేస్తోంది. దీని జోరు తగ్గించి ఒకసారి వింటాను."

"విని ఏం చేస్తావమ్మా?" అన్నాడు దర్జీ. నుదుటి మీద చెమట.

"విన్నాక చెబుతాను."

బ్రష్షు పక్కన పెట్టింది. టంకం వేడి తగిలితే చప్పుడు మాడిపోతుందని, కత్తెరలా కరుచుకునే చిన్న క్లిప్పులతో ఇంకో రెసిస్టర్ తగిలించింది, చిప్పు చప్పుడుని పెంచే పాలు బాగా తగ్గేలా. చేతులు తుడుచుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

ఆవిడ కళ్లు తెరవలేదు. మూసిన కళ్లతోనే హెడ్‌ఫోన్ తీసి, తడుముకుంటూ కుర్చీ దాకా వెళ్లి, మరిది చెవులకు పెట్టింది.

అతని కట్టుకట్టిన చెయ్యి ఒళ్లోంచి దానంతట అదే పైకి లేచింది. గాల్లో దేన్నో పట్టుకుంది. కిందికి లాగింది. వదిలింది. లాగింది. ప్రతి లాగుడుకీ హెడ్‌ఫోన్ లోంచి సన్నగా బయటికి వినబడింది, గంట. చీలిన వెదురు మీద కొట్టినట్టు చివర జీరపోయే గంట. ఎప్పుడో మరమ్మతులో కింద పడి అంచు చీలిన ఫ్యాక్టరీ గంట. ఆ వీధిలో పుట్టిన పిల్లకాయ కూడా నిద్రలో గుర్తుపట్టే గంట.

కట్టులోంచి నెత్తురు చెమర్చింది. చెల్లెలు వెళ్లి ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"చొక్కా ఏదే?" అంది రిపేరక్క. "ఆసుపత్రి వాళ్లు మూటగట్టి ఇచ్చింది."

చెల్లెలు నోరు తెరిచింది. "నిన్న గేటు పాసు కోసం మూట విప్పాను. జేబులో ఉందేమోనని ఇక్కడే, ఈ బల్ల మీదే దులిపాను. నువ్వు అప్పుడే తుడిచి చేతులు కడుక్కోడానికి వెళ్లావు."

"చొక్కా ఏది?"

"ఉతికేశానక్కా."

గాలి తగలకుండా మూటలో ఉన్న చప్పుడు అన్నాళ్లు బతికింది. అందులో మిగిలింది ఇప్పుడు గోరంత పేస్టులో ఉన్నదే. మిగతాదంతా సబ్బు నురగతో తూములో కలిసిపోయింది. ఇక ఈ పేస్టు కూడా ఎంతసేపు? డబ్బా మూత పొద్దుట్నుంచీ తీసే ఉంది. పేస్టు ఎండేకొద్దీ పట్టు వదిలేస్తుంది.

రిపేరక్క మూత బిగించింది. చెవి దిండ్లు తొడిగింది. స్పిరిట్ సీసా మూత కూడా తనే పెట్టింది, ఎవరినీ నమ్మనట్టు. "ఇక రికార్డింగుతో పని లేదు, పదండి" అంది. మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూసింది. "నువ్వు కూడా బాబాయ్. సంచీ పట్టుకోడానికి మనిషి కావాలి. మాట్లాడమని అడగనులే."

బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని, చంటిబిడ్డ తల పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. ఆఫీసులో బెంచీ మీద కూర్చోమన్నారు. లోపల ఇంకో కేసు నడుస్తోందన్నారు. ఆగండన్నారు. తర్వాత టీ విరామమన్నారు. చచ్చేవాళ్లు మన వాళ్లు, ఆగాల్సింది కూడా మనమే. డబ్బాలో పేస్టు ఎండుతూనే ఉంది. చెల్లెలు ఒకసారి, "పెట్టి చూడక్కా, ఇంకా ఉందో లేదో" అంది. "తీస్తే గాలి తగులుతుంది" అంది రిపేరక్క. ఉందో లేదో తెలియకుండానే మోసుకుని లోపలికి వెళ్లారు.

విచారణ చేసే అధికారి నెరిసిన జుట్టావిడ. డబ్బా చూసి, "ఊడ్చని చప్పుడేనా?" అని మాత్రం అడిగింది.

"ఊడ్చనిదే. కడగనిది కూడా" అంది రిపేరక్క.

స్విచ్చి వేసింది. హెడ్‌ఫోన్ అధికారి చెవులకు పెట్టింది. అధికారి ముఖంలో ఏ మార్పూ రాలేదు. చెల్లెలు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అధికారి చెయ్యెత్తి, కిటికీ మూసెయ్యమని గుమాస్తాకి సైగ చేసింది. తల ఒక పక్కకి వంచింది.

"సన్నగా ఉంది" అంది చివరికి. "గంటే. చివర్లో జీర వస్తోంది."

మేనేజరు లేచాడు. "మా గంటకి జీర లేదండీ. ఇప్పుడే మనిషిని పంపి కొట్టించుకోండి. కంచు గంట, ఖంగుమంటుంది. వీళ్లు ఎక్కడి గంటో పట్టుకొచ్చారు."

"గంట మార్చారు" అన్నాడు మరిది.

"ఎవరు చూశారు?"

అధికారి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "నేను ఈ ఊళ్లో కొత్త. మీ పాత గంట ఎలా మోగేదో నాకు తెలియదు. ఇది అదేనని చెప్పేవాళ్లు కావాలి. ఇతను, ఇతని భార్య, వదిన కాకుండా ఎవరైనా ఉన్నారా?"

ఎవరు ఉంటారు? వీధి వీధంతా ఇళ్లలోనే ఉండిపోయింది. రిపేరక్క వెనక్కి తిరగలేదు. అడగనని మాట ఇచ్చింది. కాని డబ్బా లోపల పేస్టు ఎండే చప్పుడు తనకి వినబడుతున్నట్టే ఉంది.

సంచీ కింద పెట్టిన చప్పుడైంది.

దర్జీ ముందుకొచ్చాడు. మేనేజరు ఆయన్ని చూసి, "ఏమయ్యా, వచ్చే నెల యూనిఫారాల సంగతి మాట్లాడాలి, తర్వాత కనబడు" అన్నాడు మామూలుగా. దర్జీ వినిపించుకోలేదు. తను కుట్టిన దిండ్లు తన చెవులకే పెట్టుకున్నాడు. వింటూ వింటూ గోడ పట్టుకున్నాడు.

"ఇదే" అన్నాడు. "ఆ సాయంత్రం మోగింది. చాలాసేపు మోగింది. నా కొట్టు గుమ్మం నిండా పడింది. పొద్దున్నే, ఎవరూ లేవకముందే ఊడ్చేశాను. చనిపోయినవాడి చొక్కా కుట్టింది కూడా నేనేనమ్మా."

అధికారి మళ్లీ హెడ్‌ఫోన్ అందుకుంది. విన్నది. ఈసారి ఏమీ వినబడలేదు కాబోలు, మెల్లగా కింద పెట్టేసింది. అయినా ఏం? చెప్పాల్సినవాళ్లు చెప్పేశారు. ఆవిడ కాగితాల్లో మరిది పేరున్న పేజీ తిప్పేసి మేనేజరు వైపు తిరిగింది.

"గంట మోగింది. మరి కిందగది తలుపు తాళంచెవి ఆ వేళ ఎవరి దగ్గర ఉంది?"

మరిది తన రెండు కాళ్ల మీద ఇంటికి వచ్చాడు. రిపేరక్క అప్పుడు తీరిగ్గా స్పిరిట్ సీసా మూత తీసింది. ఎండిన పేస్టుని బ్రష్షుతో తోమింది, క్లిప్పులు విప్పింది, పాట పెట్టింది. ఎక్కడా చిరగలేదు. చెల్లెలు విని, "బాగుంది" అని హెడ్‌ఫోన్ తీసేసింది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ పాట వినాలని లేదు.

తెల్లారి దర్జీ కొట్టు ముందు యూనిఫారాల గుడ్డ తాను ఒక్కటీ దిగలేదు. ఆయన మిషనుకి నూనె వేసుకుంటూ కూర్చున్నాడు. మీరు మళ్లీ పాల ప్యాకెట్‌తో అటే వెళ్లారు. ఆయన్ని చూసి జాలిపడ్డారు. అనవసరంగా నోరు జారాడు పాపం, అనుకున్నారు.

సరే. ఆయన సంగతి ఆయన చెప్పుకున్నాడు. ప్రమాదం జరిగిన ఆ సాయంత్రం గాలి ఫ్యాక్టరీ వైపు నుంచి మీ ఇంటి మీదికే వీచింది. మీ గుమ్మంలోనూ పడింది, ఇనప రజను, ఇసకలా, కాలికి గుచ్చుకునేలా. మర్నాడు పొద్దున్నే వంగి, చీపురుతో దాన్ని చేటలోకి ఎత్తినప్పుడు, అది మోగలేదా?